మనసొప్పేదాకా కూర్చున్న రోజులు

అరకు లోయలో నేను జరిపిన మొదటి సభ చాలా బాగా జరిగిందనుకుని, తిరుగుదారిలో రెండు కొండలు పాడుకుంటూ దాటాను. అది ఎంత చెడ్డగా జరిగిందో తెలియడానికి పదిహేను రోజులు పట్టింది. ఆ తప్పు దిద్దిన మనుషుల గురించి రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. చెయ్యి వణకకుండా కలం పట్టగలిగిన ఈ నాలుగు రోజుల్లోనే ఆ పని పూర్తిచేయాలి.

అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్లు. మాది శృంగవరపుకోట దగ్గర మైదానంలో వ్యవసాయ కుటుంబం. బోర్డు స్కూల్లో రెండేళ్లు పంతులుగా చేశాను. ఖద్దరు కట్టి బడికి వెళ్తే పై అధికారి సణిగాడు. ఉద్యోగం వదిలేశాను. మా వైపు పనిచేసే కార్యకర్తలు కొందరు, "కొండమీద వెట్టిమోత గురించి నోరు విప్పేవాళ్లు ఒక్కో గూడెంలో ఒకరిద్దరు ఉన్నారు. ఒకరికొకరు తెలియరు. వాళ్లని ఒకచోట కూర్చోబెట్టే మనిషి కావాలి" అన్నారు. నేను వెళ్తానన్నాను. ఒక చేతిసంచి, రెండు పంచెలు, చలిజ్వరానికి కొయినా మాత్రలు, ఒక దళసరి నోటుపుస్తకం. ఇవి పట్టుకుని కనుమ ఎక్కాను. మా అమ్మ మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు కారప్పొడి సీసా ఇచ్చి పంపింది.

వెట్టిమోత అంటే ఏమిటో ఈ కాలం వాళ్లకు చెప్పాలి. సర్కారు ఆఫీసర్లు కొండల్లో క్యాంపుకు వచ్చినప్పుడల్లా వాళ్ల గుడారాలు, ట్రంకుపెట్టెలు, మడత కుర్చీలు, వంటసామాను ఒక మజిలీ నుంచి ఇంకో మజిలీకి గూడేల జనం మోయాలి. దుక్కిలో ఉన్నా, కోతలో ఉన్నా వదిలేసి రావాలి. రానివాళ్లని బంట్రోతులు జుట్టు పట్టుకుని తెచ్చేవారు. అంతకు కొన్నేళ్ల ముందే మాకు దక్షిణాన ఉన్న మన్యం కొండల్లో ఇలాంటి బాధల మీదే పెద్ద తిరుగుబాటు లేచి అణగిపోయింది. ఆ భయం ఇంకా చల్లారలేదు. ఖాకీ బట్ట కనబడితే జనం పిల్లల్ని తీసుకుని అడవిలోకి వెళ్లిపోయేవారు.

నేను ఉండడానికి ఒక ముసలామె తన ఇంటి పక్క పశువుల పాక ఇచ్చింది. ఆమె కొండవాళ్ల కువి భాష మాట్లాడేది, కొంచెం తెలుగు, కొంచెం ఒడియా వచ్చు. భర్త, ఇద్దరు కొడుకులు జ్వరాలతో పోయారు. కోడలు, ఇద్దరు మనవరాళ్లతో ఒక చిన్న పోడు చేసుకునేది. ఆ గూడెంలో ఏ తగువైనా ఆమె లేకుండా తీరేది కాదని నాకు చాలా తర్వాత తెలిసింది. మొదట్లో నాకు ఆమె అన్నం పెట్టే మనిషి మాత్రమే. "మామ్మా" అని పిలిచేవాణ్ని.

రెండు నెలలు గూడెం గూడెం తిరిగి, సంత మరునాడు, సంత జరిగే ఊళ్లోనే ఒక సభ పెట్టాను. పది గూడేల నుంచి మనుషులు వచ్చారు. ఊరి నడుమ పెద్దలు కూర్చోవడానికి పరిచిన రాతి పలకలు ఉంటాయి. వాటిలో ఎత్తయినది చూసి దానిమీద నిలబడ్డాను. గంటన్నర మాట్లాడాను. అందరూ ఓపికగా విన్నారు. ఎవరికి ఎంత అర్థమైందో నేను అడగలేదు. ఆ తర్వాత మైదానంలో చూసిన పద్ధతిలోనే, "ఇకమీద ఎవరూ మోత మోయకూడదు. ఒప్పుకున్నవాళ్లు చేతులెత్తండి" అన్నాను. ఎనిమిది గూడేల వాళ్లు ఎత్తారు. రెండు గూడేల వాళ్లు ఎత్తలేదు. అందులో ఒకటి బండిదారి పక్కనే ఉన్న గూడెం. దాని పెద్ద లేచి ఏదో చెప్పబోయాడు. నేను అప్పటికే నోటుపుస్తకంలో తీర్మానం రాసుకుంటున్నాను. "ఎక్కువమంది ఒప్పుకున్నారు కదా, ఇక అది అందరి మాటే" అని ఆయన్ను కూర్చోబెట్టాను.

పదిహేను రోజులకు క్యాంపు వచ్చింది. బంట్రోతులు మొదట వెళ్లింది దారి పక్క గూడేనికే. అక్కడి వాళ్లు రామన్నారు. పెద్దను పట్టుకుని గుడారపు గుంజకు పగలంతా కట్టేశారు. చూడలేక ఆ గూడెం ఆడవాళ్లే పెట్టెలు నెత్తికెత్తుకున్నారు. పై గూడేల వాళ్లకు ఈ కబురు వేరేగా చేరింది. మాట తప్పి మోశారని మాత్రమే విన్నారు. తరువాతి సంతలో పసుపు కొమ్ముల దగ్గర రెండు వైపులా తోసుకున్నారు, తిట్టుకున్నారు. ఒకడికి తల పగిలింది. నేను అక్కడే ఉన్నాను. ఎవరూ నా మాట వినలేదు.

మరునాడు దారి పక్క గూడేనికి వెళ్లాను. ఆ పెద్ద తన ఇంటి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. మణికట్ల దగ్గర తాడు కోసిన చోట పసుపు పూసి ఉంది. నన్ను చూసి తిట్టలేదు. కూర్చోమని పీట చూపించాడు. లోపలికి చూసి, "పంతులుబాబుకి బేగి అంబలి తెండి" అన్నాడు. నేను ఏదో ఓదార్పు మాట మొదలుపెట్టాను.

"నానప్పుడే సెప్పబోయినాను బాబూ," అన్నాడు. "ఆళ్లు ముందు నా గుమ్మంలోకే వత్తారు. పైనున్నోళ్లకి అడివుంది, పారిపోతారు. నాకు దారుంది. మరి నానేటి సెయ్యాల? అదే అడుగుదామనుకున్నాను. నువ్వు సేతులు లెక్కెట్టీసి రాసీసుకున్నావు."

ఆయన భార్య సొరకాయ బుర్రతో చోడి అంబలి తెచ్చి ఇచ్చింది. క్యాంపు రోజున ట్రంకుపెట్టె మోసిన మనిషి ఆమె. మెడ పక్కకు తిరగడం లేదు. ఆ అంబలి ఎలా తాగానో నాకే తెలియదు. కాని తాగాను. తాగకపోతే ఆ ఇంటికి ఇంకో అవమానం చేసినట్టయ్యేది.

ఆ వారమే నాకు మన్యపు జ్వరం పట్టుకుంది. పది రోజులు పాకలో పడి ఉన్నాను. మామ్మ, ఆమె కోడలు వంతులవారీగా చూశారు. ఏవో వేర్లు దంచి పోసేవారు. నేను తెచ్చిన కొయినా కూడా వేసేవారు. ఏది పనిచేసిందో తెలియదు. రెంటికీ దణ్ణం పెట్టుకున్నాను. కాస్త లేచి కూర్చున్నాక, "మామ్మా, నేను కిందికి వెళ్లిపోతాను. నావల్ల తలలు పగిలాయి" అన్నాను.

ఆమె చింతపిక్కలు ఏరుకుంటూ వింది. సభ ఎలా జరిగిందో మొదటినుంచీ చెప్పమంది. చెప్పాను. చేతులెత్తించిన దగ్గర ఆపింది.

"ఎత్తనోళ్లని అడిగినావా, ఎందుకెత్తనేదని?"

"లేదు."

"మరేటి కూటం అది?" అంది. కోపంగా అనలేదు. నిజంగానే తెలియక అడిగినట్టు అంది. తర్వాత తమ పద్ధతి చెప్పింది. ఏ కొండ పోడు కొట్టాలన్నా, తప్పు చేసినవాడితో ఏం చేయాలన్నా పలకల మీద కూర్చుంటారు. ఒకరి తర్వాత ఒకరు చెబుతారు. అందరూ అయ్యాక పెద్ద ఒకే మాట అడుగుతాడు: ఇంకా ఎవరికి మనసొప్పలేదు? ఒక్కరు ఒప్పకపోయినా వాళ్ల మాట మళ్లీ వింటారు.

"అలా అయితే ఎన్ని రోజులు పడుతుంది మామ్మా?"

"అయ్యేదాకా అవుతాది. తిండి తెచ్చుకుంటాం కాదేటి."

మళ్లీ ఒక కూటం పెట్టమని, తానూ వస్తానని అంది. నేను ఆమెకు దణ్ణం పెట్టబోతే, చింతపిక్కలు తొక్కుతావు జాగ్రత్త అని విసుక్కుంది.

సామలు ఇంటికి వచ్చిన తర్వాత కూటం పెట్టుకున్నాం. చోటు మార్చాలన్నది మామ్మ మాట. కట్లు పడినవాడి గుమ్మంలోనే కూర్చోవాలంది. అలా అందరం దారి పక్క గూడేనికి చేరాం. ఈసారి ఆడవాళ్లు కూడా రావాలని కబురు పంపాం, మోసేది వాళ్లూ కనుక. కబురు మోసింది బారికి. బారికి అంటే ఊరి కబుర్లు గూడెం గూడేనికి తిరిగి చాటే మనిషి. ఆయనకు అప్పటికి నలభై ఏళ్లుంటాయి. సన్నగా పొడుగ్గా ఉండేవాడు. ఎంత దూరం నడిచినా అలుపు తెలిసేది కాదు. ఆయన కులాన్ని గూడేల వాళ్లు దూరం పెట్టేవారు. కూటానికి అందరినీ పిలిచేది ఆయనే. కూటంలో కూర్చోనిది కూడా ఆయనే. పలకలకు ఇరవై అడుగుల అవతల కర్ర పట్టుకుని నిలబడేవాడు. అంటరానితనం తప్పని మైదానంలో ఉపన్యాసాలిచ్చిన నేను, మొదటి సభలో ఆయన అక్కడ నిలబడ్డాడని గమనించనైనా లేదు.

మొదటిరోజు పొద్దున్నే చిక్కు వచ్చింది. కొందరికి తెలుగు రాదు, కొందరికి కువి రాదు, తూర్పు గూడేల వాళ్లకు ఒడియా తప్ప ఏదీ రాదు. మూడు భాషలూ బాగా వచ్చిన మనిషి అక్కడ ఒక్కడే, బారికి. ఆయన ఉన్నచోటి నుంచే ప్రతి మాటనూ మిగతా రెండు భాషల్లో గట్టిగా చెప్పడం మొదలుపెట్టాడు. మామ్మకు ఒక చెవి సరిగా వినబడదు. రెండుసార్లు "ఏటి? ఏటన్నాడు?" అంది. మూడోసారి ఏమీ అనకుండా లేచి, చాప చుట్టి చంకన పెట్టుకుని, వెళ్లి బారికి పక్కన పరుచుకుని కూర్చుంది.

ఎవరూ కదల్లేదు. తర్వాత ఆమె కోడలు లేచి అటు వెళ్లింది. కోడలి వెనక ఇంకో ముగ్గురు ఆడవాళ్లు. మామ్మ బారికి వైపు తలెత్తి, "నువ్వు నిలబడితే నాను మెడెత్తి వినాల. కూకో" అంది. ఆయన కూర్చున్నాడు. కర్ర మాత్రం వదల్లేదు. కొంతసేపటికి మేమందరం లేచి అటు జరిగి, వలయం మళ్లీ వేసుకుని కూర్చున్నాం. ఈసారి ఆయన దానిలో ఉన్నాడు.

ఒక్క పై గూడెం పెద్ద మాత్రం లేచి వెళ్లిపోయాడు. బరువైన మనిషి, మాట తక్కువ. నేను ఆయన్ను ఆపడానికి లేవబోతే దారి పక్క గూడెం పెద్ద నా చెయ్యి పట్టుకున్నాడు. "ఎల్లనీ బాబూ. కోపం సల్లారితే వత్తాడు. నువ్వు ఎనకాల పడితే రాడు."

ఆయన మరునాడు పొద్దున్న వచ్చాడు. తన పీట తానే తెచ్చుకుని, వలయానికి రెండు అడుగులు అవతల వేసుకుని కూర్చున్నాడు. ఎవరూ ఏమీ అడగలేదు. బారికి ఆయనకు అర్థమయ్యే భాషలో ముందురోజు మాటలన్నీ మొదటినుంచి చెప్పాడు. పెద్దమనిషి ఎటో చూస్తూ విన్నాడు. విన్నాడన్నది ముఖ్యం.

నా నోటుపుస్తకం సంగతి కూడా ఆ రోజే తేలింది. నేను వంగి రాసుకుంటూ ఉంటే మామ్మ, "తలొంచుకుని రాత్తన్నావు, నీ మొకం మాకు అగుపడదు. మా మాట నీకు నచ్చిందో నేదో ఎలా తెలుస్తాది?" అంది. పుస్తకం సంచిలో పెట్టేశాను. తర్వాత కొన్నేళ్లపాటు నేను ఏ కూటంలోనూ రాసుకోలేదు. అందుకే ఇప్పుడు ఇవన్నీ జ్ఞాపకం మీదే రాయాల్సి వస్తోంది. విచిత్రంగా బాగానే జ్ఞాపకం ఉన్నాయి.

ఆ కూటం మూడు రోజులు సాగింది. ఎవరి తిండి వాళ్లు తెచ్చుకున్నారు, కాని అడ్డాకు దొప్పల్లో అందరూ అందరిదీ తిన్నారు. నా కారప్పొడి సీసా మొదటి పూటే ఖాళీ అయింది. మధ్యలో పిల్లలు ఏడ్చారు, ఒక మేక వచ్చి చాప తినబోయింది. మాటలు ఒకచోటే తిరిగాయి. చెప్పిందే మళ్లీ చెప్పారు. నాకు చాలాసార్లు విసుగొచ్చింది. లేచి "సరే, అయితే ఇలా చేద్దాం" అనాలని నాలుక దురద పెట్టేది. మామ్మ ఆ సంగతి కనిపెట్టి, అలా అనిపించినప్పుడల్లా నాకు ఒక పని చెప్పేది. నీళ్లు తెమ్మనేది, కట్టెలు తెమ్మనేది. ఆ మూడు రోజుల్లో ఆ గూడేనికి వారానికి సరిపడా కట్టెలు తెచ్చాను.

రెండో రోజు మధ్యాహ్నం అప్పటిదాకా నోరు విప్పని ఒక పడుచు తల్లి మాట్లాడింది. ఒళ్లో బిడ్డ పాలు తాగుతోంది. తల ఎత్తకుండా, మెల్లగా, కువిలో చెప్పింది. చెబుతున్నంతసేపూ ఆడవాళ్లు తలలూపుతున్నారు. ఆమె ఆపాక బారికి వెంటనే తెలుగులోకి చెప్పలేకపోయాడు. గొంతు సర్దుకుని చెప్పాడు.

"ఈ గుంట ఏటంటందంటే... మోత కట్టమే గాని, మోత కన్నా కట్టం ఇంకోటుందంట. ఎప్పుడు పిలుత్తారో తెలీదు కదా. పోయినేడు పోడులో గింజలు జల్లుతుంటే అట్నుంచటే లాక్కెల్లిపోయినారంట. పాలు తాగే బిడ్డ గట్టుమీదుంది, రెండు పూటలు ఏడిసింది. పొరుగామె సూసి ఎత్తుకుందంట. గింజలు పిట్టలు తినీసినాయంట. మోయమంటే మోస్తాను, ముందు సెప్పండి, నన్ను అడగండి అంటంది."

నేను తెచ్చిన మాట 'ఎవరూ మోయకూడదు' అన్నది. ఆ మాటలో ఈమె బిడ్డ లేదు, గట్టు లేదు, పిట్టలు లేవు. వీళ్లను అడగకుండానే వీళ్ల కోసం మాట్లాడానని అప్పుడు నాకు సిగ్గేసింది. అక్కణ్నుంచి కూటం దారి మారింది. విత్తనాల కాలంలో, కోతల కాలంలో మోత లేదు. మిగతా రోజుల్లో ముందురోజే కబురు రావాలి. పాలిచ్చే తల్లులను, కడుపుతో ఉన్నవాళ్లను పిలవకూడదు. ఎవరి పొలిమేర దాకా వాళ్లే మోస్తారు. ఒక్కొక్క మాటనూ మూడు భాషల్లో చెప్పి, నమిలి, మింగడానికి మరో రోజు పట్టింది.

చివరికి దారి పక్క గూడెం పెద్ద అడగాల్సింది అడిగాడు. "అంతా బాగుంది. మరి ఆళ్లు ముందు నా కాడికే వత్తారు. అప్పుడేటి?"

ఈసారి ఆయన్ను ఎవరూ కూర్చోబెట్టలేదు. తూర్పు గూడెం వాళ్లలో ఒకడు, "అయితే మేమూ నీ కాడికే వత్తాం" అన్నాడని బారికి చెప్పాడు. అలా తేలింది. క్యాంపు కబురు తెలియగానే అన్ని గూడేల వాళ్లు వచ్చి దారి పక్క గూడెంలో కూర్చోవాలి. మాట్లాడేటప్పుడు అందరూ ఉండాలి. ఆ తర్వాత మామ్మ అడిగింది, ఇంకా ఎవరికి మనసొప్పలేదని.

పై గూడెం పెద్ద గొంతు విప్పాడు. "నాకు ఒప్పనేదు. నాను ఇక్కడికొచ్చి ఇలగ అందరితోనీ కూకోను. మా దేవుళ్లకి సరిపడదు. అయితే మీ మాటకి అడ్డు రాను. మీకు బదులు నా గూడెం ఎవులికీ మొయ్యదు. ఈ మాట నాది."

అది విని నేను ఓడిపోయామనుకున్నాను. మామ్మ ముఖం మాత్రం తేటగా ఉంది. బారికి వైపు చూసి, ఆ మాట మిగతా రెండు భాషల్లోనూ సరిగ్గా చెప్పమంది. "ఆయనన్నదంతా సెప్పు. తగ్గించీకు, పెంచీకు." ఆ మాట తనకు ఎంత తగులుతుందో తెలిసీ, బారికి ఒక్క అక్షరం మార్చకుండా చెప్పాడు.

మరుసటి ఏడు తొలకరికి క్యాంపు వచ్చింది. చినుకులు పడి, పోడులో అందరూ గింజలు చల్లుతున్న రోజులు. మోతగాళ్లను పిలవమని బంట్రోతులు బారికినే పంపారు. ఆయన అన్ని గూడేలూ తిరిగాడు. సర్కారు పిలుపు చెప్పాడు, మన మాటా గుర్తుచేశాడు. సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికి దారి పక్క గూడెం నిండిపోయింది. ఆడవాళ్లు, మగవాళ్లు, బిడ్డలు, ముసలివాళ్లు అందరూ నేలమీద కూర్చున్నారు. చేతుల్లో కర్రలు, గొడ్డళ్లు లేవు. గొడ్డళ్లు ఇంటి దగ్గర వదిలి రావాలన్నది కూడా కూటంలో అనుకున్నదే.

ఆఫీసరు గుర్రం మీద వచ్చాడు. మనవాడే, కోస్తా వైపు మనిషి. ఇంతమందిని చూసి ముందు భయపడ్డాడు, తర్వాత కోప్పడ్డాడు.

"మీ నాయకుడెవడు? లేవమనండి!"

ఎవరూ లేవలేదు. దారి పక్క గూడెం పెద్ద కూర్చునే, "నాయకుడంటూ ఎవులూ నేరు బాబూ. ఏ సంగతి గావాలో అడుగు, తెలిసినోళ్లు సెప్తారు" అన్నాడు.

"ఎందుకు మోయరు?"

పడుచు తల్లి చెప్పింది, బారికి తెలుగు చేశాడు. "విత్తనాలప్పుడు ఎందుకు వద్దంటున్నారు?" తూర్పు గూడెం అతను చెప్పాడు. ఒక్కొక్క ప్రశ్నకు ఒక్కొక్కరు. ఆయన ఎవరిని కోప్పడాలో తేల్చుకోలేక గుర్రాన్ని అటూ ఇటూ తిప్పాడు. నా ఖద్దరు చూశాడు. "ఇదంతా నీ పనే కదూ?" అన్నాడు. నేను లేవబోయాను, జవాబు నాలుక చివర ఉంది. మామ్మ చెయ్యి నా మోకాలి మీద పడింది. గట్టిగా నొక్కింది. తన బాగా వినబడే చెవి ఆయన వైపు తిప్పి, "పంతులుబాబు కట్టెలు తెచ్చినాడు బాబూ. మాట మాదే" అంది. అది అక్షరాలా నిజం.

అప్పుడే పై గూడేనికి పంపిన ఇద్దరు బంట్రోతులు ఉత్త చేతులతో దిగి వచ్చారు. ఆ గూడెం పెద్ద ఇంటి ముందు కూర్చుని, తాము వీళ్లకు బదులు మొయ్యబోమని ఒకే మాట చెప్పి, తర్వాత నోరు విప్పలేదట. వస్తానని అనలేదు, రాలేదు. ఇస్తానన్నది ఇచ్చాడు. ఆ రోజు ఆయన మీద నాకు కలిగిన గౌరవం ఆయన ఉన్నంతకాలం తగ్గలేదు.

వాన మొదలైంది. ఆఫీసరు పరుపులు, కాయితాల పెట్టెలు దారిమీద తడుస్తున్నాయి. మేము కూడా తడుస్తూ కూర్చున్నాం. దారి పక్క గూడెం పెద్ద భార్య లేచి, ఎవరూ అడగకుండానే అడ్డాకులు కుట్టిన రెండు పెద్ద వాన గిడుగులు తెచ్చి కాయితాల పెట్టెల మీద కప్పింది. మళ్లీ మోయడానికి లేచిందేమో అనుకున్నాను. ఆమె కప్పి వచ్చి తన చోట కూర్చుంది. ఆఫీసరు ఆ పెట్టెల వంక చాలాసేపు చూశాడు. గుర్రం దిగి చూరు కింద నిలబడ్డాడు. గొంతు మారింది. ఎన్ని రోజుల్లో విత్తడం పూర్తవుతుందని అడిగాడు.

"నాలుగు రోజులు బాబూ," అంది మామ్మ. "నీ గుంటలు కూడా తింటన్నది ఆ గింజలే."

నాలుగు రోజులు ఆయన అక్కడే క్యాంపు వేశాడు. అయిదో రోజు మోతగాళ్లు వచ్చారు. పాలిచ్చే తల్లులు ఎవరూ లేరు. పొలిమేర దగ్గర బరువులు చేతులు మారాయి. పెద్ద గెలుపని చెప్పను. వెట్టి పోలేదు, అది పోవడానికి చాలా ఏళ్లు పట్టింది. ఈ ఒప్పందం రెండేళ్లే నిలిచింది, ఇంకో ఆఫీసరు వచ్చి తప్పాడు, మళ్లీ కూర్చోవాల్సి వచ్చింది. నన్ను కిందికి పిలిపించి ఎనిమిది రోజులు ఠాణాలో ఉంచి, ఎవరూ నా పేరు చెప్పకపోవడంతో వదిలేశారు. ఎవరూ అబద్ధమాడలేదు. చెప్పడానికి ఒక్క పేరు లేదు, అంతే. తిరిగి కొండ ఎక్కేసరికి మామ్మ కోడలు పాకకు కొత్త గడ్డి కప్పి ఉంచింది.

తర్వాత నాలుగేళ్లలో ఎన్ని కూటాల్లో కూర్చున్నానో లెక్కలేదు. ఒకసారి సంత దారి ఎటు వేయాలన్నదానికి ఆరుసార్లు కూర్చుని, ఎటూ తేలక లేచిపోయాం. దారి పడలేదు. తగువూ రాలేదు. బారికి కూర్చునే చోటు గురించి కొందరి ముఖాలు ముడుచుకోవడం చివరిదాకా మానలేదు. కాని ఆయన మళ్లీ నిలబడలేదు. కర్రను పక్కన పెట్టుకునేవాడు.

కొండ దిగే రోజు వచ్చింది. అమ్మకు జబ్బుగా ఉందని, తమ్ముడు బండివాడి చేత ఉత్తరం పంపాడు. ఎన్నాళ్లు పడుతుందో, మళ్లీ రాగలనో లేదో తెలియదు. చెప్పాపెట్టకుండా వెళ్లడం ఇష్టంలేక కూటంలో పెట్టాను. దీనికి కనీసం ఒక పూటైనా పడుతుందని, ఎవరో ఒకరు వద్దంటారని లోపల్లోపల అనుకున్నాను.

ఒక చుట్ట కాలేంతసేపు కూడా పట్టలేదు. మామ్మ అడిగింది, ఎవరికైనా మనసొప్పలేదా అని. అందరూ వెళ్లమన్నారు. నాకు కొంచెం చిన్నతనం అనిపించింది. ముఖంలో కనబడిందేమో, దారి పక్క గూడెం పెద్ద నవ్వాడు.

"దీనికేటి ఆలోసన బాబూ? అమ్మ కదా."

పడుచు తల్లి వెళ్లి శొంఠి, పిప్పళ్లు ఒక గుడ్డలో కట్టి తెచ్చింది. కూటంలో ఆమె ఒళ్లో పాలు తాగిన బిడ్డకు అప్పటికి అయిదారేళ్లు. ఆ మూట పట్టుకుని నా దాకా వచ్చి, ఇవ్వకుండా తిరిగి తల్లి దగ్గరికి పరిగెత్తింది. రెండోసారి ఇచ్చింది. బారికి కనుమ దాకా తోడు వచ్చాడు. దారంతా ఏవేవో మాట్లాడుకున్నాం. విడిపోయేటప్పుడు చేతులు పట్టుకున్నాం.

అమ్మ ఆ శొంఠి కషాయం తాగి పదిహేను రోజుల్లో లేచి కూర్చుంది. డాక్టరు మందు కూడా వాడాం. ఆమె మాత్రం కొండవాళ్ల మందే పనిచేసిందని అందరితో చెప్పేది. ఒక మధ్యాహ్నం మంచం మీద దిండుకు ఆనుకుని, "ఎవర్రా వాళ్లంతా? నాకు మొదట్నించీ చెప్పు" అంది. నేను పీట లాక్కుని కూర్చున్నాను. దారి పక్క గూడెం పెద్ద భార్య పెట్టిన అంబలి దగ్గర మొదలుపెట్టాను.